శిక్షణ వాపసు

ఉద్యోగం మానేసి వెళ్లేవారు హెల్మెట్టు, బూట్లు, లాకరు తాళంచెవితో పాటు కంపెనీ ఇచ్చిన శిక్షణను కూడా వాపసు చేసి వెళ్లవలసిందిగా మా బొంతపల్లి పక్కనున్న మందుల కంపెనీ ఉత్తర్వు జారీ చేసింది. న్యాయమే కదా మరి. బూట్లు దాచుకుపోయేవాణ్ణి గేటు దగ్గర తడిమి పట్టుకోవచ్చు. శిక్షణ తలలో పెట్టుకుని దర్జాగా నడిచిపోయేవాణ్ణి ఏ సెక్యూరిటీవాడు పట్టుకుంటాడు?

ఈ ఆలోచన శిక్షణాధికారి చలపతిరావుగారిది. గోదావరి వైపు నుంచి వచ్చి పటాన్‌చెరులో స్థిరపడ్డ పెద్దమనిషి. ఆయన హయాంలో భద్రతా శిక్షణ మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగింది. ఆడిటర్లు వస్తున్నారంటే చాలు, అందరినీ హాల్లో కూర్చోబెట్టి, ముందు బోర్డు మీద జవాబులు రాసి, ఆ తర్వాత ప్రశ్నలు ఇచ్చేవారు. అందరికీ నూటికి నూరు. సమోసా తిని, మంటలార్పే సిలిండరును పెళ్లికొడుకులా మధ్యలో నిలబెట్టి ఫొటో దిగి, ఎవరి డ్యూటీకి వాళ్లు పోయేవారు.

ఉత్తర్వుకు మొదట దొరికినవాడు జైపాల్. గుమ్మడిదల రైతుబిడ్డ, రియాక్టరు దగ్గర ఆపరేటరు. ఏళ్ల తరబడి కాంట్రాక్టరు కింద నలిగిన అతనికి, మా ఊరికి అవతలి పక్కనున్న పెద్ద కంపెనీలో పర్మినెంటు కొలువు దొరికింది. సోమవారం చేరాలి. లేదంటే ఆ కొలువు ఇంకొకడిది. చేరాలంటే ‘ఇతని దగ్గర మాది ఏమీ లేదు’ అని పాత కంపెనీ రాసివ్వాలి. అందుకు, నేర్చుకున్నదంతా మరిచిపోయానని రుజువు చేసే మరుపు పరీక్ష పాసు కావాలి.

“కంపెనీ నీకు ఎంత నేర్పింది జైపాల్! అదంతా పట్టుకెళ్లి పక్కవాళ్లకి ధారపోస్తానంటే ఎలా బాబూ? విద్యాదానం గొప్పదే. కానీ మనది కానిదాన్ని దానం చెయ్యకూడదు,” అని చలపతిరావుగారు చాలాసేపు ఉపన్యసించారు.

“నేనేం పట్టుకపోతలేను సార్. జెర జల్దీ పరీక్ష పెట్టుండ్రి,” అన్నాడు జైపాల్.

రాతపరీక్ష సాఫీగా జరిగిపోయింది. ఈసారి బోర్డు మీద జవాబులు లేవు కాబట్టి జైపాల్‌కు సున్నా వచ్చింది. ఇచ్చిన శిక్షణ యావత్తూ ఒక్క పూటలో చెక్కుచెదరకుండా తిరిగి వచ్చినందుకు చలపతిరావుగారు పొంగిపోయారు.

చిక్కంతా ప్రాక్టికల్లో వచ్చింది. సైరన్ మోగిస్తారు. శిక్షణ వాపసు చేసినవాడు కుర్చీలోంచి కదలకూడదు. సైరన్ మోగింది. చూస్తే కుర్చీ ఖాళీ. జైపాల్ గేటు బయట రొప్పుతూ నిలబడి ఉన్నాడు. మళ్లీ మోగించారు. మళ్లీ అక్కడే తేలాడు. వెనకటికి ఒకసారి రియాక్టరు పొంగినప్పుడు పక్కనే పనిచేస్తున్న సంగప్ప అతణ్ణి కాలరు పట్టి బయటికి ఈడ్చుకొచ్చాడు. అప్పటినుంచి ఆ మోత వింటే కాళ్లు అతని మాట వినవు.

“ఏం జెయ్యాలె సార్? కాళ్లే ఉరుకుతున్నయ్.”

“కాళ్లు నీవే బాబూ, పరుగు మాత్రం కంపెనీది,” అని చలపతిరావుగారు ఫెయిల్ చేశారు. సోమవారం పొద్దున చివరి అవకాశం అన్నారు.

ఆదివారమంతా ఇంట్లో సాధన. భార్య చంద్రిక ఫోన్లో సైరన్ మోగిస్తూ అతని భుజాలు అదిమి పట్టింది.

“కూసో. ఏం గాదు. ఉట్టిగనే మోగుతుంది అనుకో.”

“నిజంగనే పానం మీదికొస్తే ఎట్లనే?”

“కొలువు పోతే ఏం తిందాం మరి?”

అలా అన్నదే గానీ చంద్రికకూ భయమే. కాకపోతే కాంట్రాక్టు బతుకంటే ఇంకా భయం.

సోమవారం సైరన్ మోగింది. జైపాల్‌కు చొక్కా తడిసింది గానీ కుర్చీ వదల్లేదు. చలపతిరావుగారు కాగితం ఇచ్చి, శాలువా కప్పారు. మధ్యాహ్నానికల్లా కొత్త కొలువులో చేరిపోయాడు.

కొత్త కంపెనీ అతణ్ణి నెత్తిన పెట్టుకుంది. అక్కడ సైరన్ తరచూ మోగుతుంది. తక్కినవాళ్లు మోగినప్పుడల్లా పరిగెత్తి ఉత్పత్తి పాడుచేస్తున్నారు. జైపాల్ మాత్రం కదలడు. “ఇంతటి నిబ్బరం ఏ కాలేజీ నేర్పుతుంది?” అని మేనేజరు సభలో మెచ్చుకుని అతణ్ణే శిక్షకుణ్ణి చేశాడు. కార్మికులు నేర్చుకున్నాక, వాసన వస్తోందంటూ ఫిర్యాదులు చేసే చుట్టుపక్కల ఊళ్లకూ ఆ విద్య నేర్పాలని కంపెనీ సంకల్పించింది.

అలా జైపాల్ ఒక సాయంత్రం మా ఊరి కమ్యూనిటీ హాలుకు వచ్చాడు. మేనేజరు ముందు వరుసలో కూర్చున్నాడు. జైపాల్ నోరు తెరిచాడో లేదో, కంపెనీ వైపు నుంచి సైరన్ వినిపించింది. వెనకే ఘాటు కమ్ముకొచ్చింది. కళ్లు మండాయి. జైపాల్ మైకు పారేసి ఒక్క ఉరుకున బయటపడ్డాడు. “లెవ్వుండ్రి, ఉర్కుండ్రి,” అని అక్కడినుంచి కేకలు పెడుతున్నాడు.

రోజూ వినే మోతే కదా, మాలో ఒక్కరమూ లేవలేదు. మా ఊరి సోమమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, కిటికీలోంచి అతణ్ణి చూసి జాలిపడింది.

“లోపటికొచ్చి కూసో బిడ్డా. మీ సారు సూస్తున్నడు, పర్మినెంటు కొలువు పోగొట్టుకుంటవ్.”