ద్వారక మునిగిన సంవత్సరం

ఆ శనివారం పొద్దున యోబు అయ్యవారు పెట్టుకున్న పనులు మూడే: సంగటి తినడం, గడ్డం గీసుకోవడం, ద్వారక ఏ సంవత్సరంలో మునిగిందో తేల్చెయ్యడం. మొదటి రెండూ సవ్యంగానే జరిగాయి.

కొనకనమిట్లకు రెండు మైళ్ల దూరంలోని ఆ ఊళ్లో మిషను బడికి ఆయనొక్కడే అయ్యవారు. బడిలో పిల్లలు పదహారు మంది. ఇరవై మంది లేకపోతే నెలాఖరుకు బడి మూసేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. ఊళ్లో పెద్ద రైతు పుల్లయ్యకు సరిగ్గా నలుగురు మనవలు. వాళ్లను పంపమంటే పుల్లయ్య ఒక మెలిక పెట్టాడు.

"నువ్వూ, వీధిబడి కాటమరాజూ ద్వారక మీద వారం నుంచి కొట్టుకుంటుండారు గదా. శనివారం నా కల్లంలో తేల్చుకోండి. గెలిచినోళ్ల బడికే పంపుతా."

యోబు ఎగిరి గంతేశాడు. ఆయన దగ్గర చనిపోయిన తండ్రి ఏబేలు బైబిలు ఉంది మరి. ఏబేలు ఉపదేశి, త్రిపురాంతకం దాకా ఊరూరా నడిచి వాక్యం చెప్పినవాడు. జలప్రళయం ఉన్న పేజీ అంచున ఆయన పెన్సిలుతో 41 26 అని రాసుకున్నాడు. మధ్యలో పెన్సిలు జారి కాస్త ఎడం వచ్చిందని యోబు సర్దిచెప్పుకున్నాడు. మిషను దొరల దగ్గర తెలుసుకున్న సంవత్సరాల లెక్క కాక మరేమిటి? అమ్మను అడిగితే సరిపోయేది. కానీ అక్షరం ముక్క రాని అమ్మను అయ్యవారు ఏం అడుగుతాడు!

కల్లం నిండా జనం. కాటమరాజు పంచాంగం విప్పాడు. "కలి పుట్టి ఐదువేల ముప్పై రెండేండ్లు. కృష్ణుడు పోయినాడు, ద్వారక మునిగింది, కలి పుట్టినాడు. ఇంక వాదమేంది?"

యోబు లేచాడు. "కాటమరాజన్నా, నోవహు కాలంలో భూమంతా మునిగింది. ద్వారక ఒక్కటే ఒడ్డున కూర్చోనుంటుందా? అదీ అప్పుడే మునిగింది. నాలుగువేల నూట ఇరవై ఆరేండ్లు. ఇదో, మా నాయన చేతిరాత!"

"బాబెలు గోపురానికి?" అడిగాడు కాటమరాజు.

యోబు పేజీ తిప్పి అంచున చూశాడు. "మూడువేల తొమ్మిదివందల పద్దెనిమిది."

పుల్లయ్య తల ఊపాడు. ఆ ఊపు చూశాక యోబు నోరు ఆగలేదు. "లెక్క లేని పేజీ లేదన్నా, నీ ఇష్టమొచ్చిన చోట తెరువు" అని బైబిలు తీసుకెళ్లి కాటమరాజు చేతిలోనే పెట్టాడు.

కాటమరాజు మత్తయి సువార్త తెరిచాడు. "యేసుప్రభువు పుట్టుక. ఆరువేల మూడువందల పదిహేడు." కళ్లజోడు సర్దుకున్నాడు. "నోవహు కన్నా మీ ప్రభువు రెండువేల ఏండ్లు పెద్దోడా, యోబూ?"

యోబు అప్పటికైనా ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "అది పరలోకం లెక్కన్నా. ఆడ సంవత్సరాలు చిన్నవి."

"అట్లనా!" కాటమరాజు ఇంకో పేజీ తిప్పాడు. "కానా ఊరి పెండ్లి ఎనిమిదివేల నాలుగువందల పంతొమ్మిది అని ఉంది. పుట్టకముందే పెండ్లికి పోయినాడా?"

కల్లమంతా గొల్లుమంది. ఆడవాళ్లలోంచి యోబు తల్లి మగ్దలీనమ్మ లేచింది.

"ఏందిరా నీ గోల! అయి మీ నాయన పాటల పుస్తకం నంబర్లు గదరా. క్రిస్మసుకు వాక్యానికి ముందు అరవై మూడు, అయినంక పదిహేడు. ఆయన నంబరు చెప్తే పాట ఎత్తుకునింది నేను గాదూ!"

నమ్మరేమోనని అక్కడే అరవై మూడు ఎత్తుకుంది. మిగతా ఆడవాళ్లు అందుకున్నారు.

ఏటేటా యోబు కంజిర కొట్టి పాడే పాటే అది. ఊరు నవ్వింది సరే. నాయన జీవితమంతా పాడిన పాటలను తను సంవత్సరాలని చదివాడు. పక్కనే ఉన్న అమ్మను ఒక్క మాట అడగలేదు. అమ్మ పదిహేడు కూడా పాడి ముగించేదాకా తల ఎత్తలేకపోయాడు.

సోమవారం, ఇంక బడికి తాళమే అనుకుంటూ వెళ్లేసరికి అరుగు మీద పుల్లయ్య, నలుగురు మనవలూ కూర్చొని ఉన్నారు.

"వీళ్లు రెండు దినాల నుంచి ఆ పాటే పాడి చంపుతుండారు. రాసుకో పేర్లు."

యోబుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను ఓడిపోయినా గదా, పెద్దయ్యా!"

"ఓడిపోయినావు. అందుకే పాటలు మీ అమ్మ నేర్పుతుంది. లెక్కలకు సాయంత్రం కాటమరాజు కాడికి పోతారు."

యోబు హాజరు పట్టీలో ఇరవై అని వేశాడు. వేసి, ఎందుకైనా మంచిదని, అమ్మను పిలిచి పిల్లల్ని ఒకసారి లెక్కపెట్టించాడు.