పెద్దాసుపత్రి ఎదుటి దద్దుర్లు

తైవాన్ దేశం, తైనాన్ నగరంలోని మా వాడకు ఈ ఏడు ‘ఆదర్శ ఆరోగ్య వాడ’ ఫలకం వచ్చిందని తెలియజేయడానికి గర్విస్తున్నాం. మా సందు చివర రోడ్డు దాటితే పెద్దాసుపత్రి. అందులో చర్మానికో డాక్టరు, కంటికో డాక్టరు, మోకాలికి వేరే డాక్టరు. అంత ఆసుపత్రి ఎదురుగా పెట్టుకుని కూడా మేము వాళ్ళకు అనవసరంగా శ్రమ ఇవ్వం. ఒకరి రోగం ఒకరు చూసిపెట్టే చదువు మాకు పుట్టుకతోనే అబ్బింది.

ఆ చదువుకు యుయే షియా రూపంలో పరీక్ష వచ్చింది. ఆమె, భర్త చిన్ షుయ్ తెల్లవారుజామునే చేపల గంజి అమ్ముతారు. చిన్ షుయ్ చేపలు కోస్తాడు, మాట్లాడడు. వసంతంలో ఒకరోజు యుయే షియా ఒంటిమీద అరచేతులంతేసి ఎర్రటి దద్దుర్లు లేచాయి. సాయంత్రం నడుం మీద కనిపించినవి పొద్దుటికి మాయమై, మధ్యాహ్నానికి తొడల మీద తేలేవి. గరిటె వదిలేసి గోకుతుంటే గంజి అడుగంటేది.

అత్తగారు ఒక్క చూపుతో రోగం తేల్చేశారు.

“గాలి సోకిందే అమ్మాయ్! తల తడారకుండా గుమ్మంలో నిలబడొద్దని మొత్తుకున్నానా లేదా?”

పాత చీపురుతో వీపంతా ఊడ్చి, ఉల్లికాడలు మరిగించిన నీళ్ళతో తోమారు. దద్దుర్లు పెద్దావిడ మీద గౌరవంతో ఆ పూటకు తగ్గి, మర్నాడు ముఖం మీద లేచాయి.

అప్పుడు వాడంతా కదిలింది. రొయ్యలు మానమన్నారు, మానేసింది. బాతు మాంసం, వెదురు మొలకలు, మామిడిపండు మానమన్నారు. తైనాన్‌లో వేసవిలో మామిడిపండు మానడమంటే సన్యాసమే. అదీ స్వీకరించింది. చివరికి చేప తినొద్దన్నారు. చేపల గంజి అమ్మే మనిషే చేప ముట్టడం లేదని తెలిసి, తినొద్దన్నవాళ్ళే ఆ కొట్టుకు వెళ్ళడం మానేశారు. మరి జాగ్రత్త పడాలి కదా.

కొబ్బరి పీచులా తయారైన యుయే షియాను ఆదుకోవడానికి త్సాయి మెయ్ వచ్చింది. ఆమె మూడిళ్ళ అవతల ఉంటుంది, పులియబెట్టిన పండ్లరసం సీసాలు అమ్ముతుంది. అది తాగాక దద్దుర్లు రెట్టింపయ్యాయి.

“శుభం అక్కా! లోపలి విషమంతా బయటికొస్తోంది.”

“అది బయటికొచ్చేలోగా నేను పోయేలా ఉన్నాను త్సాయి మెయ్.”

“అవేం మాటలు? ఇంకో సీసా తాగితే తగ్గిందని నువ్వే అంటావు చూడు.”

వేసవి ముగిసినా దద్దుర్లు ముగియలేదు. ఒకసారి యుయే షియా రోడ్డు దాటబోతే అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపారు. “దురదకి ఆసుపత్రేంటే? నలుగురూ చూస్తే ఏ పాడురోగమో అనుకోరూ?” రోజూ కొట్టు ముందు నిలబడి ఆ నలుగురూ చూస్తూనే ఉన్నారన్నది వేరే సంగతి.

ఇంతలో ఫలకం వచ్చింది. వాడపెద్ద కో వాన్ ఫూ గారు రోడ్డుకు అడ్డంగా డేరా వేయించి విందు ఏర్పాటు చేశారు. మహిళల తరఫున ఫలకం అందుకునే గౌరవం యుయే షియాకు దక్కింది. దీర్ఘవ్యాధిని ఇరుగుపొరుగు సాయంతో జయించిన వనితగా ఆమె పేరు అప్పటికే పైవాళ్ళకు పంపేశారు. ఆమె ఒళ్ళునొప్పులతో నిలబడలేకపోతోంది. వాడపెద్ద దయతో జేబులోంచి నొప్పి మాత్ర తీసి ఇచ్చారు. “వేసుకో చెల్లెమ్మా. ఫొటోలో కూలబడితే బాగుండదు.”

ఆయన ఉపన్యాసం మొదలైంది. “మహాజనులారా! ఆరోగ్యం ఆసుపత్రిలో దొరకదు. ఆత్మీయతలో దొరుకుతుంది! మన వాడలో ఒకరికి దురద పుడితే వందమంది గోకుతారు!” చప్పట్లు మోగాయి. వేదిక మీద యుయే షియా పెదవులు ఉబ్బాయి, కళ్ళు మూసుకుపోయాయి, గొంతు పట్టేసి చేతులు గాలిలో ఆడాయి. “చూడండి, ఆనందంతో ఆమెకు మాట రావడం లేదు!” అన్నారు వాడపెద్ద. మేము ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టాం.

చిన్ షుయ్ కుర్చీ తన్నేసి లేచాడు.

“నోరుముయ్యండ్రా! దానికి ఊపిరాడట్లేదు!”

అంబులెన్సు వచ్చింది గాని, ఆరోగ్య డేరా అడ్డంగా ఉండటంతో అవతలే ఆగిపోయింది. చిన్ షుయ్ వంటవాళ్ళ తోపుడుబండి మీది సూపు గిన్నెలు నేలమీద కుమ్మరించి, పెళ్ళాన్ని ఎక్కించుకుని, బల్లల మధ్యనుంచి తోసుకుంటూ పరుగెత్తాడు. దారిలో “అయ్యో, కాళ్ళు కాదు, తల ముందుండాలి” అని సలహా ఇచ్చినవాళ్ళున్నారు.

సూది మందుతో ఆమె బతికింది. నాలుగు రోజుల తరువాత చర్మం డాక్టరు ఛియూ గారు, వయసులో చిన్నావిడ, అంతా విని నిట్టూర్చారు.

“ఆరు వారాలు దాటినా దద్దుర్లు వస్తూ పోతూ ఉంటే మా దగ్గరికి రావాలమ్మా. పెదవులు, నాలుక వాచినా, ఊపిరాడకపోయినా ఇక ఆలోచించకూడదు, ఆ క్షణమే రావాలి. ఇలాంటి ఒంటికి కొన్ని నొప్పి మాత్రలు పడవు. మొన్న జరిగింది దానివల్లే అయ్యుండొచ్చు.”

“చేపల వల్ల కాదా?”

“చేప హాయిగా తినండి.”

“అసలు ఎందుకొచ్చాయి డాక్టరమ్మా?”

“చాలామందిలో కారణం దొరకదు. నాకూ తెలియదు. తగ్గించడం మాత్రం తెలుసు.”

రోజూ వేసుకోవాల్సిన మాత్ర రాసిచ్చారు. కొన్నాళ్ళకు దద్దుర్లు అణిగాయి. యుయే షియా ఇంటి వెనక కూర్చుని ఆ ఏటి చివరి మామిడిపండు తింటూ ఏడ్చిందట.

వాడలో మాత్రం ఆందోళన రేగింది. కారణమే తెలియనావిడ డాక్టరెలా అయింది? మాలో కారణం తెలియనివాళ్ళు ఒక్కరైనా ఉన్నారా? అత్తగారికి గాలి తెలుసు, త్సాయి మెయ్‌కి విషం తెలుసు. తన మాత్రవల్లే రోగం బయటపడి వైద్యం దొరికిందని, అసలు ప్రాణదాత తానేనని వాడపెద్ద ప్రకటించారు. అందరం ఒప్పుకున్నాం.

చలికాలంలో త్సాయి మెయ్‌కి దగ్గు పట్టుకుంది. ఎన్నాళ్ళైనా వదల్లేదు, బక్కచిక్కింది. యుయే షియా దగ్గరికొచ్చి చెప్పుకుంది.

“ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించుకో. పద, ఇప్పుడే తీసుకెళ్తాను” అంది యుయే షియా.

త్సాయి మెయ్ ముఖం మాడిపోయింది. ఏడుస్తూ వచ్చి మాతో చెప్పింది. “నేను తనకి అన్ని సీసాలు తాగించానా! తను నాకు ఒక్క కషాయమైనా చెప్పలేదు. డాక్టరు దగ్గరికి పొమ్మని తరిమేసింది!”

ఆసుపత్రి గాలి తగిలాక మనిషిలో తడి ఆరిపోయిందని మేమంతా బాధపడ్డాం. ఆ రాతిగుండె మనిషితో మాటలు తగ్గించి, త్సాయి మెయ్ చుట్టూ చేరాం. దగ్గుకు ఏం చేయాలో మా ప్రతి ఒక్కరికీ తెలుసు. మీకూ ఏదో తెలిసే ఉంటుంది. మొహమాటపడకండి, చెప్పండి.