అజయ్ బాబు, కంకర రోడ్డు

ఆ ఉదయం అజయ్ బాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. చీకటితోనే లేవాలి. తెనాలి నుంచి సైకిలు మీద కొలకలూరు దాటి, అవతలున్న పేట దాకా వెళ్లాలి. అక్కడి కంకర రోడ్డు మీద కాసేపు తొక్కాలి. తిరిగొచ్చి స్నానం చేసి, బాపట్లలోని ఆఫీసుకు రైలెక్కాలి. ఇందులో ఎవరికీ ఏ హానీ లేదు, పాపం.

కంకరే ఎందుకంటే, నెలన్నర తర్వాత కర్ణాటకలో కాఫీ తోటల మధ్య జరగబోయే సైకిలు పోటీ యాత్రకు అతను పేరిచ్చాడు. రోజంతా తొక్కాలి. దారిలో బండరాళ్లు పరిచిన ఎత్తులు మూడు ఎక్కాలి. తెనాలిలో ఎత్తంటే రైలు పట్టాల మీది వంతెనే. దాన్ని ఎక్కీ దిగీ అరగదీశాడు. ఇక కావలసినవి రాళ్లు. ఆ పేట రోడ్డు మీద కంకర పోసిన కాంట్రాక్టరు, తారు పోయకుండానే మాయమై చాలా కాలమైంది. జనం పక్కనే పొలం గట్టున బాట చేసుకుని నడుస్తున్నారు. అజయ్ బాబుకు మాత్రం ఆ కంకరను చూస్తే ప్రాణం లేచొచ్చింది.

అసలు భయం యాత్ర గురించి కాదు, భార్య సుజన గురించి. "జిమ్ములో చేరారు, మానేశారు. ఈత అన్నారు, మానేశారు. హార్మోనియం కొన్నారు, దాని మీద నేనిప్పుడు ఇస్త్రీ బట్టలు పెట్టుకుంటున్నా. ఇది కూడా మధ్యలో వదిలేశారంటే, ఇంకెప్పుడూ ఏదో మొదలుపెడుతున్నానని నాతో చెప్పకండి" అంది. నవ్వుతూనే అంది గానీ, ఆ మాట అతనికి బాగానే గుచ్చుకుంది. ఈసారి చివరిదాకా చేసి చూపించాలనుకున్నాడు.

పేటలో అతన్ని మొదట చూసింది పాలమ్మే విజయమ్మ. పక్కన చక్కటి బాట ఉండగా, హెల్మెట్టు పెట్టుకున్న పెద్దమనిషి కంకర మీద ఎగిరెగిరి పడుతూ అటు పోతున్నాడు, మళ్లీ ఇటు వస్తున్నాడు.

"ఏంటి బాబూ, ఏమైనా పారేసుకున్నావా?"

"లేదండి. రాళ్ల మీద తొక్కడం అలవాటు చేసుకుంటున్నానండి. కర్ణాటక కొండల్లో పోటీ ఉంది."

విజయమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. గేదెను తోలుకుంటూ నేరుగా మాజీ వార్డు మెంబరు కొండయ్య ఇంటికి వెళ్లింది.

రెండు రోజులు గడిచేసరికి రోడ్డు మొదట్లో ఫ్లెక్సీ లేచింది. అందులో అజయ్ బాబు నోరు తెరుచుకుని, హ్యాండిలు మీద వాలిపోయి ఉన్నాడు. కింద 'మన రోడ్డు కోసం ఒంటరి పోరాటం' అని రాసి ఉంది. కొండయ్య ఎదురొచ్చి మెడలో బంతిపూల దండ వేశాడు.

"అయ్యో, ఏంటండీ ఇది? నాకు రోడ్డు వద్దండి, ఈ రాళ్లే కావాలి!"

కొండయ్య జనం వైపు తిరిగాడు. "విన్నారా? గవర్నమెంటుకి ఎలా చురక అంటిస్తున్నారో!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో వీడియో తీశారు. అది సాయంత్రానికల్లా రేపల్లె చేరింది.

"బావగారూ, లీడరైపోయారంటగా!" అని బావమరిది బెన్నీ ఫోను చేశాడు. "మా రేపల్లె వైపు కూడా ఓసారి తొక్కండి, పుణ్యముంటుంది."

ఆదివారం చర్చిలో పాస్టరుగారు అతని పేరెత్తి మరీ ప్రార్థన చేశారు. బయటికొచ్చాక సుజన ఆడవాళ్లందరితో, "ఇన్నాళ్లకి ఒక పని పట్టుకుని వదలకుండా చేస్తున్నారండి" అంది. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. పెళ్లయ్యాక ఆమె తన గురించి ఇంత గర్వంగా మాట్లాడటం అతను వినలేదు. తొక్కేది రోడ్డు కోసం కాదన్న నిజం చెప్పడానికి ఇక నోరెలా వస్తుంది?

సోమవారం రోడ్ల ఇంజనీరు బాపట్ల ఆఫీసుకే వచ్చాడు. "సార్, దయచేసి ఆపండి సార్. పైనుంచి ఒకటే ఫోన్లు."

"అబ్బే, తొందరేం లేదండి! నెలన్నర పోయాక వేసుకోండి, నిదానంగా" అన్నాడు అజయ్ బాబు ఆశగా.

ఇంజనీరు మొహం పాలిపోయింది. నెలన్నర పాటు రోజూ ఇలాంటి వీడియోనా? మర్నాడు పొద్దున్నే పేటలోకి రోలరు దిగింది. కంకర మీద తారు పరుచుకోవడం చూస్తూ నిలబడ్డ అజయ్ బాబుకు కళ్లనీళ్లు వచ్చాయి.

"ఆనందం పట్టలేకపోతున్నారు పాపం" అంటూ కొండయ్య ఫోను దగ్గరగా పెట్టి తీశాడు.

సాయంత్రం రైల్లో కూర్చుంటే, అతనికి ఒక్కొక్కటే తట్టింది. రాళ్లు లేకపోతే సాధన లేదు. సాధన లేకపోతే యాత్ర లేదు. ఇందులో తన తప్పేమీ లేదు! నడుము నొప్పి, అరచేతుల బొబ్బలు అన్నీ అప్పుడే తగ్గినట్టనిపించాయి. మానేయడానికి ఇంత గౌరవమైన కారణం అతనికి ఎప్పుడూ దొరకలేదు. ఇంటికెళ్లి రెండు పెసరట్లు ఎక్కువ తిన్నాడు.

రోడ్డు ప్రారంభానికి షామియానా వేశారు. మైకు చేతికిచ్చారు. అజయ్ బాబు గొంతు సవరించుకున్నాడు.

"నిజం చెప్పేస్తానండి. నేను పోరాడలేదు. ఒక పోటీ కోసం ఈ రాళ్ల మీద తొక్కాను. మీకు రోడ్డొచ్చింది, నా సాధన పోయింది. ఫరవాలేదు. మీ కోసం ఆ పోటీ వదులుకుంటున్నాను. దీన్ని త్యాగం అనొద్దు."

గొంతు వణికింది. కొంచెం అతనే వణికించాడు. ముందు వరసలో కూర్చున్న సుజన మొహంలో నవ్వు మాయమైంది. హార్మోనియం మానేసిన రోజు కూడా ఆమె ఇదే గొంతు విన్నది.

"పోటీ సంగతి మాకు తెలుసుగా బాబూ" అంది విజయమ్మ కూర్చున్న చోటి నుంచే. "మొదటి రోజే నాతో చెప్పావుగా!"

అజయ్ బాబు మైకు కిందికి దించాడు. కొండయ్య బుర్ర గోక్కుంటూ మైకు అందుకున్నాడు.

"ఏమీ అనుకోకండి సార్. అర్జీలు పెట్టీ పెట్టీ విసిగిపోయాం. రోజూ ఆ రాళ్ల మీద పడిలేచే మనిషి దేవుడు పంపినట్టు దొరికాడు, వదలబుద్ధి కాలేదు. అట్టాగని మీ పోటీ చెడగొడతామా? ఇట్టా రండి."

అందరూ కలిసి అతన్ని పేట వెనక్కి తీసుకెళ్లారు. మురుగు కాలవలోంచి తవ్విపోసిన మట్టిదిబ్బ అక్కడ మేడంత ఎత్తున ఉంది. దాని మీదికి నిటారుగా ఒక బాట చెక్కి, రోడ్డు పనిలో మిగిలిన బండరాళ్లన్నీ దగ్గరదగ్గరగా పరిచారు.

"ట్రాక్టరుతో తోలించాం సార్. ఫోన్లో మీ కర్ణాటక కొండ చూసి, అచ్చం అట్టాగే పేర్చాం. నెలంతా తొక్కుకోండి."

అజయ్ బాబు తలెత్తి చూశాడు. "ఇప్పుడు ఎండగా ఉందేమోనండి..."

"మబ్బు పట్టిందిగా" అంది సుజన. అప్పటికే ఆమె సైకిలు తోసుకొచ్చింది. హెల్మెట్టు అతని తలకు తనే పెట్టి, పట్టీ బిగించింది. "ఎక్కండి. మేమందరం ఇక్కడే ఉంటాం."

అతను ఎక్కాడు. చక్రం జారింది, పళ్లు టకటకలాడాయి. సగం దూరం వెళ్లేసరికి ఊపిరి అందలేదు. కాలు కింద పెడదామని వెనక్కి చూశాడు. సుజన, పాస్టరుగారు, ఇంజనీరు, ఫోను పట్టుకున్న బెన్నీ, వాళ్ల వెనక పేట మొత్తం బాట నిండా కిక్కిరిసి, ఒక్కో అడుగూ పైకి జరుగుతూ వస్తున్నారు.

దిగడానికి చోటు లేక, అజయ్ బాబు పైదాకా వెళ్లాడు.