మా ఇంటి మాటల మీటరు

పిల్లలతో తల్లిదండ్రులు మాట్లాడటం వెంటనే మానేయాలి! కోప్పడకండి, పూర్తిగా వినండి. బట్టలుతకడానికి మెషీన్ వచ్చాక చేత్తో ఉతుకుతున్నామా? మరి కన్నబిడ్డతో మాత్రం ఇంకా నోటితో మాట్లాడటమేమిటి, అనాగరికంగా?

నా మాట మీద గౌరవం లేకపోతే నా అనుభవం మీదైనా ఉంచండి. పదకొండేళ్ళుగా ఒక వారపత్రికలో పిల్లల పెంపకం గురించి సలహాలు రాస్తున్నాను. మా అమ్మాయికి మూడున్నరేళ్ళు. అంటే మొదటి ఏడున్నరేళ్ళూ ఎంత నిష్పాక్షికంగా రాశానో చూడండి!

పసివాళ్ళు ఎన్ని మాటలు వింటే బుర్ర అంత వికసిస్తుందని నేనే ఒకసారి రాశాను. అది చదివిన మా బావమరిది, ఆ మాటల్ని లెక్కపెట్టే మీటరొకటి తెచ్చి మేనకోడలికి బహుమతిగా ఇచ్చాడు. కోటు గుండీ అంత ఉంటుంది. గౌనుకి తగిలిస్తే చాలు, పిల్ల చెవిన పడ్డ ప్రతి మాటనీ లెక్కేసి నా ఫోన్‌కి పంపుతుంది. రోజుకి పదివేలు దాటితే పచ్చ లైటు, దాటకపోతే ఎర్ర లైటు.

మా ఆవిడ ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. ఆమె డ్యూటీకి వెళ్ళాక, మొదటి రోజు నేనే మాట్లాడాను. సాయంత్రానికి నాలుగు వందల పన్నెండు మాటలు! అందులో సగం "వద్దు", పావు "ఆగు", మిగతావి "అమ్మ వచ్చాక అడుగు".

ఏం చేయను? తలుపేసుకుని "మీ పిల్లలకి సమయం ఇవ్వండి" అనే వ్యాసం రాస్తున్నాను. నాకు సమయమెక్కడిది?

అప్పుడు వెలిగింది నా బుర్ర! పిల్లని తీసుకెళ్ళి న్యూస్ చానెల్ ముందు కూర్చోబెట్టాను. ముఖ్యంగా ఆ చర్చలున్నాయి చూడండి, నలుగురూ ఒకేసారి అరుస్తారు. మీటరు గిర్రున తిరిగి, మధ్యాహ్నానికే పచ్చ లైటు! వారం తిరక్కుండా ఫోన్‌లో కప్పు బొమ్మ వచ్చింది: "ఈ వారం మేటి తండ్రి మీరే!" దాన్ని చుట్టాల గ్రూపులో పెట్టాను. మా అత్తగారు, నా విషయంలో మొట్టమొదటిసారిగా, చప్పట్ల బొమ్మ పంపించారు.

ఇక పిల్ల భాష వినాలి! పాలగ్లాసు బోర్లా పడితే ఇదివరకు రాగం తీసేది. ఇప్పుడు మెడ నిటారుగా పెట్టి, "వంటింట్లో పాలు ఒలికాయి. ప్రాణనష్టం లేదు" అంటుంది. బొమ్మ చెయ్యి ఊడితే, "పూర్తి వివరాలు తెలియాల్సి ఉంది." పక్కింటి టీచరుగారి మనవడు ఇంకా "అత్తా, బిస్కెట్టు" దగ్గరే ఆగిపోయాడు. పాపం, వాడికి మీటరు లేదు.

"అది ఈమధ్య మనల్నేమీ అడగట్లేదు, గమనించారా?" అంది మా ఆవిడ ఒకరోజు. "అదేంటి, ఇదెందుకు అని ప్రాణం తోడేసేది."

"అన్నీ తెలిసిపోయుంటాయిలే" అన్నాను.

మొన్న శనివారం పొద్దున వ్యాసం చివరి పేరాలో ఉండగా, తలుపవతల నుంచి వినిపించింది. "మెట్ల దగ్గర ప్రమాదం. చిన్నారి కింద పడింది."

టీవీ అనుకున్నాను. సౌండ్ తగ్గించమని కేకేశాను కూడా.

"మోకాలికి రక్తం వస్తోంది. దీనిపై నాన్న ఇంకా స్పందించలేదు."

తలుపు తీశాను. మోకాలి చర్మం లేచిపోయింది. రక్తం కాలి మీద చారలు కట్టి అప్పటికే ఆరిపోతోంది. ఎంతసేపటి నుంచి చెబుతోందో! ఏడవడం లేదు, నా వంక చూడటమూ లేదు. ఎదురుగోడనే చూస్తూ చెబుతోంది. ఎత్తుకున్నాక గానీ దానికి ఏడుపు రాలేదు. బిడ్డ ఏడిస్తే సంతోషించిన తండ్రిని నేనొక్కణ్ణేనేమో.

తప్పెవరిది? మీటరుదే! కట్టు కట్టి, పిల్లని పడుకోబెట్టి, కంపెనీకి ఘాటుగా ఉత్తరం మొదలుపెట్టాను. "అయ్యా, ఇది రోజంతా పిల్ల పక్కనే ఉంటుంది. పిల్లకి ఎన్ని మాటలు వినిపించామా అన్నదే దాని లెక్క. పిల్ల తిరిగి ఏం చెబుతోందో దానికి అక్కర్లేదు. ఇలాంటిది ఇంట్లో ఉండి ఏం లాభం?"

డ్యూటీ నుంచి వచ్చిన మా ఆవిడ, వెనకే నిలబడి మొత్తం చదివింది.

"బాగా రాశారు. కంపెనీ అడ్రసెందుకు? మన ఇంటి అడ్రసు రాయండి, మీకే అందుతుంది" అంది.