చెక్కుచెదరని మాత్రలు

ఆ ఉదయం పెద్ద పంతులమ్మగారు వేసుకున్న పథకం చిన్నదే: ఉచిత వైద్యశాల గుమ్మంలో తాను పెట్టించిన పెట్టె తెరవడం, జనం వాడకుండా మిగిల్చి ఇచ్చిన మందుల్లో పనికొచ్చేవి ఏరి డాక్టరమ్మకు అప్పగించడం, భోజనం వేళకు ఇల్లు చేరడం. తొందరలో కళ్ళజోడు ఇంట్లోనే మరిచిపోయారు. సగం తాగిన సీసాలూ గడువు తీరిన లేపనాలూ పడేసి దానమనుకునేవారంటే ఆమెకు ఒళ్ళు మంట.

పెట్టెలో ఒక గుడ్డసంచీ దొరికింది. తడిమి చూశారు. నిండా మాత్రల అట్టలే. ఒక్క మాత్రయినా ఊడలేదు.

"బీపీవండీ. ఇంకా ఏడాది గడువుంది," అంది డాక్టరమ్మ. "వీధిలో సగంమందికి రాసేవి ఇవే. ఎవరో మింగకుండా దాచేశారు."

పంతులమ్మగారి గొంతు బడిగంటలా మోగింది. "ఆ ఇంట్లో భార్యన్నది ఉందా? మొగుడు మందు మింగాడో లేదో చూసుకోలేని మనిషి ఏం కాపురం చేస్తున్నట్టు?"

బెంచీ మీదున్న దర్జీ భార్య చటుక్కున లేచింది; ఆమె మొగుడికీ అవే మాత్రలు. పరుగున వెళ్ళి మొగుణ్ణి లాక్కొచ్చింది.

"ఆ సంచీ నాది కాదు మొర్రో! నావి కుట్టుమిషను సొరుగులో ఉన్నాయి," అని అతను అడక్కుండానే ఒప్పేసుకున్నాడు.

కబురు వీధంతా పాకింది. బస్సు డ్రైవరు మాత్రలు పాత బూటులో, సంగీతం మాస్టారివి హార్మోనియం కింద బయటపడ్డాయి. చూస్తుండగానే వైద్యశాల నిండా తల దించుకున్న మొగుళ్ళూ, తలెత్తుకున్న పెళ్ళాలూ. సంచీ మాత్రం ఎవరిదీ కాదట.

అంతలో పంతులమ్మగారి భర్త చెమటలు కక్కుతూ వచ్చారు. "కళ్ళజోడు మర్చిపోయావోయ్," అని అందించి, తూలి బల్ల పట్టుకున్నారు. డాక్టరమ్మ ఆయన చేతికి పట్టీ చుట్టి చూసి అదిరిపడింది.

"ఇంత బీపీనా! మీ మాత్రలేవి బాబాయిగారూ?"

"ఇక్కడే వేశాను కదమ్మా, పెట్టెలో. మీ పిన్నిగారిది రోజూ అన్నం దగ్గర ఒకటే గోల. మంచి మందు ఒక్కరూ ఇవ్వరు, విప్పినవి పనికిరావు అని. అందుకే కొన్నవి కొన్నట్టే దాచి ఇచ్చాను. సంతోషిస్తుంది కదాని."

దర్జీ భార్య గొంతు సవరించుకుంది. "ఇందాక భార్య గురించి ఏదో సెలవిచ్చారు పంతులమ్మగారూ?"

పంతులమ్మగారు గబగబా భర్త దగ్గరికి నడిచారు. డాక్టరమ్మ సంచీలోంచి ఇచ్చిన మాత్రను భర్త నోట్లో వేసి, నీళ్ళు తాగించి, అది గొంతు దిగేదాకా కన్నార్పలేదు. ఆ తర్వాత కళ్ళజోడు పెట్టుకుని సంచీని చూశారు. తన పాత చీర చెంగు, తన చేతి కుట్టు.

కళ్ళజోడు తీసి, ఇంకెవరికైనా పనికొస్తుందేమోనన్నట్టు, మందుల పెట్టెలో వేశారు.