జాడీలో బుడగలు ఆగేదాకా

లెన్ తన కాన్వాసు సంచిలో ఐదో జత మేజోళ్లు కుక్కుతుంటే, వెనకనుంచి నేను మూడో జత తీసి దాచేశాను. మేజోళ్లు లేనివాడు గనిలో పనికి పోడని నా నమ్మకం. నా తెలివి ఏపాటిదో మీరే చూడండి.

లెన్ నా తమ్ముడు. పదకొండేళ్లుగా మా ఇంట్లోనే ఉన్నాడు. పడమట రాగి తవ్వే మౌంట్ ఐసా గనిలో పని దొరికింది, శుక్రవారం రైలుకి పోతానన్నాడు. ఆస్ట్రేలియాలో మా ఊరు చార్టర్స్ టవర్స్ స్టేషన్లో పడమటి రైలెక్కినవాళ్లను చాలామందినే చూశాను. చెయ్యి ఊపడం అందరికీ వచ్చు. తిరిగి రావడమే కొందరికి చేతకాదు.

నా మొగుడు సిరిల్ మాత్రం నవ్వుతూ వచ్చాడు. సిరిల్ నవ్వాడంటే ఇంట్లో ఏదో ఒకదానికి చిల్లు పడ్డట్టే.

"దిగులు పడకు మర్టిల్. వాణ్ని నేను ఆపుతాను," అన్నాడు గుసగుసగా.

"నువ్వా? కారే కొళాయినే ఆపలేవు."

"బీరుతో ఆపుతాను."

పడింది చిల్లు, కొత్తగా కొన్న నా ఆకుపచ్చ చెత్తడబ్బా మూతకి. అందులోంచి గొట్టం లాగి, దాని కొస నీళ్లున్న జాం జాడీలో ముంచాడు. డబ్బాలో బీరు పులుస్తున్నంతసేపూ జాడీలో బుడగలొస్తాయట. అవి ఆగాకే సీసాల్లోకి ఎత్తాలట.

ఈస్టు మాత్రం లెన్ చేతే చల్లించాడు. "ఈస్టు చల్లినవాడే మొదటి సీసా మూత తీయాలి బామ్మర్దీ. అది బీరు ధర్మం."

"ఎవరు పెట్టారు బావా ఆ ధర్మం?"

"మా తాత."

సిరిల్ తాత పాదిరీ. టీ తప్ప ఇంకోటి ముట్టి ఎరగడు. అయినా నేను నోరెత్తలేదు. తమ్ముడు ఉండిపోతాడంటే ఎంత అబద్ధమైనా గొంతు దిగుతుంది.

లెన్ మాట మీద నిలబడే మనిషి. గనివాళ్లకి ఉత్తరం రాసి గడువు అడిగాడు. సంచి విప్పాడు.

రెండు వారాలైనా బుడగలు ఆగలేదు. మూడో వారానికి నా పంచదార డబ్బా ఖాళీ అయింది. బుడగలు నెమ్మదించినప్పుడల్లా మా ఘనుడు దొంగచాటుగా బీరులో రెండేసి కప్పుల పంచదార పోస్తున్నాడు.

"ఇంకా కొట్టుకుంటోంది బామ్మర్దీ," అనేవాడు జాడీ మీదికి వంగి, నాడి చూసే డాక్టరులా.

అది చాలదన్నట్టు, నేను ఉల్లిపాయలు ఊరవేసుకునే డ్రమ్ముకి కూడా చిల్లు పెట్టాడు.

"కడిగావా?"

"బీరే కడుగుతుంది."

ఆ బుర్రను ఏం పెట్టి కడగాలో ఇప్పటికీ నాకు తెలియదు.

నాలుగో వారం గని నుంచి ఉత్తరం వచ్చింది. సోమవారానికి రాకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తారట. గురువారం నేనూ సిరిలూ బజారుకి వెళ్లొచ్చేసరికి, డబ్బాలోదీ డ్రమ్ములోదీ సీసాల్లోకి ఎత్తి, మూతలు బిగించి, మా చెక్క ఇంటిని ఎత్తి నిలబెట్టిన స్తంభాల మధ్య, ఇంటి కింద వరసగా పేర్చేశాడు.

సిరిల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "బుడగలు ఆగాయా?"

"ఆగేట్టు లేవు బావా. ఆదివారం భోజనాలప్పుడు మొదటిది తీసి, సాయంత్రం రైలుకి పోతాను."

పంచదార సంగతి చెబితే దొంగతనం బయటపడుతుంది. సిరిల్ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆదివారం, నవంబరు ఎండ. మా వైపు నవంబరంటే మండువేసవి. ఇంటి కింద మొదటి సీసా పేలిన మోతకి సిరిల్ చేతిలో ఫోర్కు కింద పడింది. ఆ తరవాత మోతలకి లెక్కలేదు. నేల చెక్కల సందుల్లోంచి నురగ చిమ్మి నేరుగా సిరిల్ నిక్కరులోకి పోయింది. ఇంటి కింద ఆరేసిన నా దుప్పట్లు రెండు నెలలపాటు ఉల్లిపాయ కంపు కొట్టాయి.

మోతలు ఆగాక లెన్ కిందికి దిగి చూసొచ్చాడు. చేతిలో ఒక్క మూత ఉంది.

"అన్నీ వాటంతటవే తెరుచుకున్నాయి బావా. ఇక నా ధర్మం తీరినట్టేగా?"

సిరిల్ మళ్లీ తాతని తలుచుకునేలోపు లెన్ ఆ మూత నాకి చూశాడు.

"పంచదార ఎంత పోశావు?"

"కొంచెమే."

"నన్ను ఆపడానికా?"

సిరిల్ నిక్కరు పిండుకుంటూ తలొంచుకున్నాడు. లెన్ నవ్వి, నావైపు తిరిగి చెయ్యి చాపాడు.

"అక్కా, నా మేజోళ్లు."

ఇచ్చాను.

లెన్ 1974 నవంబరు పదిహేడున సాయంత్రం రైలెక్కాడు. తిరిగి రాలేదు.