వంద డిగ్రీలకు కరగని వల

ఏ వల అసలు నైలానో, ఏది కాదో ఇకమీదట మనుషులు చెప్పనక్కర్లేదని, సైన్సే చెబుతుందని 2003 మే నెలలో మంత్రి మన్మథరావుగారు పలాసలో ప్రకటించారు. థర్మల్ ఎనాలిసిస్ మెషీన్ ఉన్న గదికి రిబ్బన్ కత్తిరించి, ఏసీ గాలికి రెండు నిమిషాలు కళ్ళు మూసుకున్నారు.

డొంకూరు నూకయ్య తన వల మూటతో ముందు వరసలో కూర్చున్నాడు. సర్కారు కిట్‌లో వలా, తాడూ ఇచ్చారు. తాడు పడవను లాగుతుంటేనే తెగింది. వల మొదటి వేటలోనే చిరిగింది. బీడీ నిప్పుకు పోగు కొస తగిలిస్తే కొవ్వొత్తి వాసన వచ్చింది. నైలానైతే ఆ వాసన రాదని డొంకూరులో అందరికీ తెలుసు. అర్జీ పెడితే, ముక్కుకు సైంటిఫిక్ వాల్యూ లేదని తిప్పి పంపారు. ఇది నైలాన్ కాదని మెషీన్ ఒప్పుకుంటే కొత్త వల వస్తుంది. లేకపోతే వేట నిషేధం ముగిసిన రోజున ఊరంతా సముద్రం మీద, తనొక్కడూ ఒడ్డు మీద.

సైంటిస్టు ఉమామహేశ్వరి ఆవగింజంత ముక్క కత్తిరించి, బుల్లి అల్యూమినియం గిన్నెలో పెట్టి మూత నొక్కింది. నైలానైతే రెండువందల ఇరవై డిగ్రీల దగ్గర కరుగుతుందని చెప్పింది. ముక్క కరిగి, తెర మీద గీత నూటముప్పై దగ్గరే గోతిలో పడింది.

"ఇది నైలాన్ కాదు సార్."

మంత్రిగారు ఆ గోతిని భక్తిగా చూశారు.

"మన సముద్రం ఎంత ఏడిగా ఉంటాదమ్మా?"

"ముప్పై డిగ్రీలుంటుంది సార్."

"మరి నూటముప్పై ఎందుకు? నూకయ్య ఉడికిన సేపలు పడతాడేటి?"

హాలంతా నవ్వింది.

"బాబూ, వల కరగనేదండి, సిరిగింది," అన్నాడు నూకయ్య.

"సిరగడానికి ఏరే మెషీనుందిరా. వచ్చే ప్లాన్‌లో వత్తాది."

వారం తిరక్కుండా ఆర్డరొచ్చింది: ఏ శాంపిల్‌నీ వంద డిగ్రీలు దాటి వేడి చేయరాదు. ఆ రోజు నుంచి ఒక్క వలా ఫెయిల్ కాలేదు. ఉత్సాహం పట్టలేక పీఏ ఒక జీడిపప్పు బద్ద పెడితే అదీ నైలానుగా పాసైంది.

నూకయ్య మూట కట్టుకుని మళ్ళీ వచ్చాడు. మంత్రిగారే స్వయంగా సర్టిఫికెట్ చేతికిచ్చారు. కొత్త వల మాటెత్తితే, పాసైన వలుండగా ఇంకో వలెందుకన్నారు.

అదే రోజు మెషీన్‌ను టెక్కలిలో కూడా ప్రారంభించడానికి వ్యాన్ ఎక్కించారు. దాన్ని కట్టడానికి తాడు కావాలి. పక్క గదిలో కిట్ తాళ్ళు కప్పు దాకా ఉన్నాయి, అన్నీ సర్టిఫికెట్లతో. డ్రైవర్ అటు వెళ్ళబోతే మంత్రిగారు చెయ్యి అడ్డం పెట్టారు. ఆయన చూపు నూకయ్య మూట మీద పడింది. దాన్ని కట్టింది తండ్రినాటి పడవ తాడు.

"నూకయ్యా, ఆ తాడిలాగియ్యి."

"కొత్తవున్నాయి కదండీ బాబూ."

మంత్రిగారు వినలేదు. నూకయ్య ముడి విప్పాడు. పాసైన వల మెట్ల మీద కుప్పగా జారింది.

"నువ్వే కట్టరా, బిగించి," అన్నారు మంత్రిగారు. "ఢిల్లీ మెషీనది. దార్లో పడిపోతే నా పరువేటి?"